మా చర్చిలోని ఎర్ర ముఖమల్ కుర్చీకి

మహారాజశ్రీ కుర్చీ గారికి,

జమ్మలమడుగు పక్క పల్లెలో ప్రతి ఆదివారం తమర్ని తుడిచే మనిషి వందనాలతో రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమమని వేరే అడగాల్నా?

పెండ్లిండ్లకు సామాన్లు బాడిగకిచ్చే అంగడాయన పాతవి అమ్మేస్తుంటే, సంఘమంతా చందాలేసుకొని తమర్ని కొన్నాం. చేతులకు బంగారు రంగు, కొసన సింహం మూతులు. ఎడమ సింహానికి ముక్కు లేదు. సీటు మీది ప్లాస్టిక్ కవరు ఈరోజుకీ తీయలేదు. ఎండాకాలం దాని మీద నుంచి ఎవరైనా లేస్తే పంచె అంటుకొని చర్రుమంటుంది. ప్రభువు పేరు చెప్పి కొన్నాం గానీ, ఆయన తమరి మీద కూచున్నది నేనైతే చూడలేదు. పాస్టరు అయ్యగారు కూడా స్టూలుతోనే సరిపెట్టుకుంటారు. ఎలక్షన్ల ముందు మాత్రం తమరు ఖాళీ ఉండరు.

నాయకుడు ఆలస్యంగా వస్తాడు. పాట చరణం మధ్యలో ఆగిపోతుంది. ఆ పొద్దు ప్రసంగం బైబిల్లో రోమా పత్రిక అనే ఉత్తరం, పదమూడో అధ్యాయం: పై అధికారులకు లోబడాల. యాకోబు పత్రిక రెండో అధ్యాయం మాత్రం పొరపాటున కూడా తెరుచుకోదు. బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినోనికి మంచి చోటిచ్చి, పేదోన్ని నా కాళ్లకాడ కూచోమంటారా అని నిలదీస్తాడు యాకోబు. తమరి గురించి ఇంత తేటగా రాసింది బైబిల్లో ఇంకోటి లేదు. ఒక్కసారైనా చదివించుకోరాదా?

మావాళ్లు మిషన్‌లో కలిసిన కతలో కుర్చీ లేదు, చాప ఉంది. రచ్చబండ మీద కూచోనియ్యని, ఊరి బావిలో చేద వెయ్యనియ్యని కాలంలో, మిషనోళ్లే మా గేరిలోకి వచ్చి, పక్కన కూచోబెట్టుకొని, బిడ్డలకు అక్షరాలు దిద్దించినారంట. మా జేజి చెప్పేది. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడుకునేదానికి చేరినోళ్లు కాదు మావాళ్లు. కాపాడుకునేంత ఏముండె? ఇప్పుడు అదే సంఘంలో నోరెత్తితే, "మనకెందుకు అబ్బీ, పెద్దోళ్లు చెప్పినట్లు పోదాం" అంటారు. ఆ మాట మాకు నేర్పింది తమరే.

తమరి బంధువులు అమెరికాలో ఇంకా గొప్పగా బతుకుతున్నారు. అక్కడ చర్చిలు ఎన్నికల్లో ఫలానా ఆయనకు ఓటెయ్యమని చెప్పకూడదని 1954లో చట్టం చేసినారు. 1980 ఆగస్టులో డల్లాస్‌లో పాస్టర్ల సభకు, అధ్యక్ష పదవికి నిలబడిన రీగన్ వచ్చి, మీరు నన్ను బలపరచలేరు గానీ నేను మిమ్మల్ని బలపరుస్తున్నా అన్నాడు. చట్టం చట్టంగానే ఉంది, పని పనిగానే అయింది. అంతకు ముందు ఏడాదే జెర్రీ ఫాల్వెల్ అనే పాస్టరు మోరల్ మెజారిటీ అని ఒక సంస్థ పెట్టి, కుటుంబ విలువలు కాపాడాలని ఊరూరా చెప్పినాడు. ఆ ఎన్నికలో ఓడిపోయిన అప్పటి అధ్యక్షుడు కార్టర్ సండే స్కూల్ పాఠాలు చెప్పే బాప్టిస్టు. గెలిచిన రీగన్ విడాకులు తీసుకున్న సినిమా యాక్టరు. కుర్చీకి మనిషి కావాల గానీ సాక్ష్యం ఎందుకులే.

ఆ అమెరికాలోనే, బానిసల్ని పెట్టుకున్నోళ్లు మిషనరీలుగా పోవచ్చా అనే తగాదాతో 1845లో విడిపోయి పుట్టింది సదరన్ బాప్టిస్టు సంఘం. పొరపాటైందని 1995లో క్షమాపణ చెప్పింది. నూటయాభై ఏండ్లు! నల్లోళ్ల హక్కుల కోసం కొట్లాడిన మార్టిన్ లూథర్ కింగ్ కూడా బాప్టిస్టు పాస్టరే. 1963లో బర్మింగ్‌హామ్‌లో ఆయనకు దొరికింది జైలు, కుర్చీ కాదు.

మళ్లీ మన ఊరికి వస్తా. పోయినసారి తమరి మీద కూచొని నాయకుడు సమాధుల తోటకు ప్రహరీ కట్టిస్తానని మాటిచ్చినాడు. చచ్చినాక మాకు ఏ లోటూ ఉండదు. బతికినన్నాళ్ల సంగతి, అంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, ఎవరూ ఎత్తరు. ఎస్సీ హోదా మొదట హిందువులకే అన్నారు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. బాప్తిస్మం తీసుకున్న మాల, మాదిగ మన రాష్ట్రంలో బీసీల్లో సీ గ్రూపు, రిజర్వేషన్ వాటా ఒక్క శాతం. గేరి మారదు, చూసే చూపు మారదు, సర్టిఫికెట్టు మాత్రం మారిపోతుంది. అందుకే మాలో సగం మంది చర్చి రిజిస్టర్లో యోహాను, రేషన్ కార్డులో ఓబులేసు. ఇది అడుగుదామని నేను చెయ్యెత్తితే సంఘ పెద్ద కండ్లతోనే కూచోమన్నాడు. కూచున్నా. చాప మీదే.

ఇంకొకటి మనసులో ఉంది. రెండేండ్ల కిందట గుడ్ ఫ్రైడే నాడు, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో నాలుగో మాట కాడ, మా జేజి ఎండదెబ్బకు సొమ్మసిల్లింది. దగ్గర్లో ఉన్నారని తమర్ని లాగినా. "ఆ కుర్చీ కాదు అబ్బీ, ప్లాస్టిక్‌ది తీసుకో" అని వెనక నుంచి కేక. ప్లాస్టిక్‌ది వచ్చేసరికి జేజి నేల మీదే తేరుకొని, మంచినీళ్లడిగి, ఐదో మాట ఎంతవరకు వచ్చిందని ఆరా తీసింది.

వచ్చే ఆదివారం నాయకుడు మళ్లీ వస్తున్నాడంట. తమరి వెనక కాలు ఒకటి చెదలు తిని పొట్టిదైంది, ఊగకుండా కింద అట్టముక్క పెట్టమని నాకు చెప్పినారు. అట్టముక్క నా జేబులోనే ఉంది. ఇంకా పెట్టలేదు.

ఇట్లు,
తమరిని తుడిచే గుడ్డ పట్టుకున్నోడు