ఇజ్నిక్ విద్య అంతరించిపోలేదు

ఇస్తాంబుల్ మసీదుల టైల్స్ ఫొటోలతో ఒక పోస్టు వాట్సాప్ గ్రూపుల్లో చాలాకాలంగా తిరుగుతోంది. సారాంశం ఇది: టైల్స్‌కి పేరుపడ్డ టర్కీ ఊరు ఇజ్నిక్‌లోని పనివాళ్లు తమ తయారీ రహస్యాన్ని ఎవరికీ చెప్పకుండానే పోయారు, ఆ టైల్స్ మీది పగడపు ఎరుపు ఇక ఎవరి చేతికీ రాదు, ఇప్పుడు టర్కీలో చేసేదంతా టూరిస్టులకు అంటగట్టే నకలు. ఇందులో ఏ ఒక్క మాటా నిలబడదు. ఈ రోజుకీ బట్టీ దగ్గర కూర్చుని పనిచేస్తున్న మనుషుల్ని లేనట్టే కొట్టిపారేస్తున్నారు కాబట్టి జవాబు చెప్పి తీరాలి.

ముందు రహస్యం సంగతి. ఇజ్నిక్‌లో పని తగ్గిపోయింది గుట్టు దాచినందుకు కాదు, గిట్టుబాటు కాక. 16వ శతాబ్దం చివరికొచ్చేసరికి అన్ని ధరలూ పెరుగుతున్నా ఒట్టోమన్ సుల్తానుల ఆస్థానం మాత్రం టైల్స్‌కి తాను ఖరారు చేసిన తక్కువ రేటే కట్టింది. పనివాళ్లు బయటివాళ్లకు అమ్ముకోబోతే, ముందు మా ఆర్డర్లు పూర్తిచేయండంటూ ఫర్మానాలు వచ్చాయి. ఆ తర్వాత పెద్ద కట్టడాలే తగ్గిపోయాయి. ఒకప్పుడు 300 కార్ఖానాలున్న ఊళ్లో 9 మాత్రమే మిగిలాయని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ రాశాడు.

అయినా విద్య ఆ ఒక్క ఊరిదే కాదు. టర్కీలోనే మరో ఊరు కుతాహ్యాలో కూడా ఈ పని జరిగేది. ఆ ఊరి అబ్రహాం పేరు, 1510 నాటి తేదీ అర్మేనియన్ లిపిలో ఉన్న చిన్న కూజా ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఇజ్నిక్ వెనకబడ్డాక కుతాహ్యా కొనసాగింది. అక్కడి అర్మేనియన్ కళాకారుడు డేవిడ్ ఒహనెసియన్ మొదటి ప్రపంచయుద్ధ కాలపు అర్మేనియన్ల మారణకాండలో తరిమివేతకు గురై, 1919లో జెరూసలేంలో కార్ఖానా పెట్టాడు. ఆయనతో పనిచేయడానికి కుతాహ్యా నుంచి వచ్చిన బలియాన్, కరకాషియన్ కుటుంబాలు 1922లో సొంతంగా మొదలుపెట్టిన పని వారసుల చేతుల్లో నేటికీ నడుస్తోంది. రహస్యం చచ్చిపోయిందనేవాళ్లు ఈ కుటుంబాల ఊసే ఎత్తరు.

ఇక ఎరుపు. అది మంత్రం కాదు, ఇనుము ఎక్కువగా ఉన్న మట్టి. దాన్ని దట్టంగా పూసి పైన పారదర్శకమైన గ్లేజ్ (గాజులాంటి పూత) వేస్తారు. అందుకే పాత టైల్ మీద చెయ్యి పెడితే ఎరుపు ఉన్నచోట కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. 1557లో పూర్తయిన ఇస్తాంబుల్ సులేమానియే మసీదు టైల్స్‌లో ఈ రంగు నిలదొక్కుకుంది. కష్టం నిజమే: పూత పలచనైనా, మంట అదుపు తప్పినా గోధుమరంగుకు తిరుగుతుంది. టైల్ ఒళ్లు కూడా మామూలు బంకమన్ను కాదు, ఎక్కువ భాగం పలుగురాయి పొడి. అందులో గాజుపొడి, కొద్దిగా తెల్లమట్టి కలుపుతారు. మన జైపూర్ బ్లూ పాటరీ చేసేవాళ్లకు ఈ తంటా తెలుసు. పలుగురాయి పొడి ముద్ద చేతికి సాగదు, తొందరపడితే పగులుతుంది. కానీ కష్టం వేరు, అసాధ్యం వేరు. 1993లో ఏర్పడిన ఇజ్నిక్ ఫౌండేషన్ శాస్త్రవేత్తలతో కలిసి పాత ముక్కల్ని పరీక్షించి, పలుగురాయి టైల్స్‌ని ఎరుపుతో సహా మళ్లీ తయారుచేస్తోంది.

మిగిలింది నకలు ఆరోపణ. అసలు ఇజ్నిక్ పనివాళ్లే చైనా మింగ్ వంశకాలపు పళ్లేల ద్రాక్షగుత్తుల్ని చూసి గీశారు. చూసి గీస్తూ గీస్తూనే తులిప్‌లు, కార్నేషన్‌లు, వంపు తిరిగిన పొడవాటి ఆకులు తమవి చేసుకున్నారు. ఇప్పటివాళ్లూ అక్కడ ఆగలేదు. టర్కీ కళాకారిణి ఫ్యూరేయా కోరల్ 20వ శతాబ్దం మధ్యలోనే సిరామిక్‌ని ఆధునిక భవనాల గోడల మీదకు తన సొంత రూపాలతో తెచ్చింది. మరో కళాకారిణి బుర్చక్ బింగోల్ పూల డిజైన్లతో నిఘా కెమెరాల్ని సిరామిక్‌లో చేసి 2017 ఇస్తాంబుల్ బినాలే కళా ప్రదర్శనలో పెట్టింది. పాత పూలే, కానీ మనల్ని గమనిస్తున్న పూలు! నాకు ఎంతో నచ్చిన పని అది. దీన్ని నకలు అనడానికి నోరెలా వస్తుంది?

బజారులో అచ్చు వేసిన చవక పళ్లేలు లేవా అంటే, ఉన్నాయి. వాటిని పట్టుకోవడం కష్టం కాదు. రెండు పళ్లేలు పక్కపక్కన పెట్టి ఒకే పువ్వును పోల్చి చూడండి. గీత మందం, రంగు అంచు చుక్క చుక్కకీ ఒకేలా ఉంటే అది అచ్చు. చేత్తో గీసిన రెండు రేకులు అంత కచ్చితంగా ఎప్పుడూ కలవవు.