మిఠాయిని చివర్లో పెడితే

నలుగురు మనుషులు, 20 స్పగెటీ పుల్లలు (ఉడికించని సన్నటి పాస్తా), గజం టేపు, గజం దారం, మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి ఒకటి. 18 నిమిషాల్లో దానంతట అది నిలబడే బురుజు కట్టి, కొసన మిఠాయిని ఉంచాలి. ఎవరిది ఎత్తయితే వారే విజేతలు. డిజైనర్ పీటర్ స్కిల్‌మన్ రూపొందించిన ఈ పోటీని టామ్ వుజెక్ 2010లో టెడ్ ప్రసంగాల వేదికపై వివరించారు. ఆ తర్వాత ఎన్నో కార్యాలయాలు దీన్ని అందిపుచ్చుకున్నాయి. చాలాచోట్ల అది కాలక్షేపంగానే ముగుస్తుంది. నా అభ్యంతరం అక్కడే.

వుజెక్ చెప్పినవాటిలో జనానికి బాగా పట్టుబడింది ఒక్కటే: బిజినెస్ స్కూలు విద్యార్థుల కంటే కిండర్‌గార్టెన్ పిల్లలు ఎత్తయిన బురుజులు కట్టారు. ‘పిల్లల్లా ఆలోచించండి’ అనే తియ్యటి ఉపదేశం అందులోంచే పుట్టింది. పిల్లల ఊహాశక్తి గొప్పదే కావచ్చు, కానీ ఇక్కడ వారిని గెలిపించింది పని చేసిన వరస. పెద్దలు పెత్తనం ఎవరిదో తేల్చుకుంటారు, పథకం గీస్తారు, పుల్లలు అతికిస్తారు, గడువు ముగుస్తుండగా మిఠాయిని పైన పెడతారు. తేలికనుకున్న ఆ మిఠాయి బరువుకు కట్టడం వంగిపోతుంది. సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. పిల్లలు మిఠాయితోనే మొదలుపెడతారు. చిన్నదొకటి కడతారు, పడిపోతే ఇంకోలా కడతారు. వారికి జవాబు పలుమార్లు దొరుకుతుంది. పెద్దలకు ఒక్కసారే, అదీ పొద్దుపోయాక.

అన్నట్టు, అందరికంటే ఎత్తుగా కట్టింది ఆర్కిటెక్టులు, ఇంజినీర్లే. చదువు దండగని ఎవరూ సంబరపడనక్కర్లేదు.

సమష్టి కృషి గురించి ఈ పోటీ చెప్పేది ఇంకా ఆసక్తికరం. కంపెనీల అధిపతులు సగటు కంటే కాస్త మెరుగ్గా కట్టారు. వారి జట్టులో ఒక ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్ చేరగానే ఫలితం బాగా పెరిగింది. ఎవరు ఏం చేస్తున్నారో గమనిస్తూ, గడువు గుర్తుచేస్తూ, పనిని ముందుకు నడిపే మనిషి జట్టుకు దొరికాడన్నమాట. అనితా వూలీ, సహ పరిశోధకులు 2010లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం కూడా ఇటే చూపుతుంది. 699 మందిని చిన్న జట్లుగా చేసి పరీక్షిస్తే, జట్టు పనితీరుకు సభ్యుల సగటు తెలివితేటలతో ఉన్న సంబంధం బలహీనమని తేలింది. ఎదుటివారి మనసు కనిపెట్టే నేర్పు, అందరికీ మాట్లాడే వంతు దక్కడం అంతకంటే ఎక్కువ లెక్కకొచ్చాయి.

ఇదంతా ఆటబొమ్మల వ్యవహారమని కొట్టిపారేసేవారికి, చంద్రుడి దారిలో ప్రమాదానికి గురైన అమెరికా వ్యోమనౌక అపోలో 13 ఉంది. 1970 ఏప్రిల్‌లో ఆ నౌకలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతుంటే, గాలిలోంచి దాన్ని తొలగించే చతురస్రపు డబ్బాలను గుండ్రటి అమరికకు తగిలించాల్సి వచ్చింది. భూమిపై ఉన్న ఇంజినీర్లు వ్యోమగాముల దగ్గరున్న ప్లాస్టిక్ సంచులు, అట్టలు, గొట్టాలు, టేపు వంటివాటితోనే ముందు తాము ఒకటి తయారుచేశారు. పనిచేస్తుందని తేలాకే సూచనలు పైకి చదివి వినిపించారు. మిఠాయిని మొదటే పెట్టి చూడటమంటే అదే.

మరి బహుమతి? పది విద్యార్థి జట్లకు పదివేల డాలర్ల విలువైన సాఫ్ట్‌వేర్ ఆశ చూపితే ఒక్క బురుజూ నిలబడలేదు. కొన్ని నెలల తర్వాత అదే విద్యార్థులతో మళ్లీ ఆడిస్తే చక్కగా కట్టారు. ఈలోపు వారికి ముందుగా పరీక్షించి చూడటం విలువ తెలిసొచ్చిందని వుజెక్ వివరణ. కాబట్టి ఇలాంటి పోటీలు నిర్వహించేవారు బహుమతి ఖర్చు మిగుల్చుకుని, రెండో విడతకు సమయం కేటాయించడం మేలు. మొదటి విడత కాగానే, ఎవరి మాట వినకుండా దాటేశారో, మిఠాయిని తొలిసారి ఏ నిమిషంలో పైన పెట్టి చూశారో అడగాలి. రెండో విడతలోనూ అది 17వ నిమిషం దాకా బల్లమీదే ఉండిపోతే, ఆ జట్టు చేతిలో ఉన్న అసలు ప్రాజెక్టును ఒకసారి తనిఖీ చేయించడం మంచిది.