మందుల షాపు కత్తెర గారికి ఒక జాబు

మహారాజశ్రీ కత్తెర గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇంటి అలవాటు. ఈసారి సగమే రాయగలను. తమరు కుశలమే. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌కు వచ్చినప్పుడు చూశాను, కౌంటరు పక్కన నైలాన్ తాడుకు వేలాడుతూ నిగనిగలాడుతున్నారు. మా అమ్మ సంగతే కాస్త తేడాగా ఉంది.

తమరి పనితనానికి వంక పెట్టలేం. "మూడు గోలీలు చాలు" అనగానే టక్కున మూడే తెగి పడతాయి. గోలీల షీటు మీద పేరు పొడవునా ఉంటుంది గాని, తమరి నోట పడ్డాక సగం మాకు, సగం పక్కవాడికి. గడువు తేదీ, బ్యాచి నంబరు సాధారణంగా ఒక చివరనే ఉంటాయి. ఆ చివర ఏ అదృష్టవంతుడికి దక్కుతుందో తమరికే తెలియాలి.

మా ఊరు మర్రిగూడ వైపు. బోరు నీళ్ల ఫ్లోరైడుతో అరిగిన మోకాళ్లు అమ్మవి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని పుస్తకాల్లో ఉంది, మా బోరుకు చదువు రాదు. మిషన్ భగీరథ మంచినీళ్ల నల్లా గుమ్మంలోకి వచ్చేనాటికి జరగాల్సింది జరిగిపోయింది. అందుకే మా ఇంట్లో నొప్పి గోలీ ఉప్పూ పప్పుతో సమానం.

ఎముకల డాక్టరు ఒకటి రాశాడు, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంకొకటి ఇచ్చాడు. ఒకటి పసుపు, ఒకటి తెలుపు. అమ్మ లెక్కలో పసుపుది మోకాళ్లకు, తెల్లది నడుముకు. వీటికి తోడు బీపీ గోలీ, అందులో టెల్మిసార్టన్‌తో పాటు ఒంట్లో నీరు లాగే మందు కూడా కలిసి ఉంది. ఎనిమిది నెలలు ఈ కాపురం సాఫీగానే సాగింది. తరవాత పాదాలు వాచాయి. ఊరంతా ఉప్పు తగ్గించమంది. కడుపులో మంట మొదలైతే మజ్జిగ తాగమంది.

చివరికి ఒక పెద్ద డాక్టరు రక్తపరీక్ష రాశారు. మూత్రపిండాల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ 2.1. మామూలుగా అయితే 1.2 లోపు ఉండాలట. "ఏమేం మింగుతున్నావమ్మా?" అని ఆయన అడిగితే, అమ్మ చీరల దుకాణం కవరు విప్పి బల్ల మీద బోర్లించింది. పదకొండు ముక్కలు. ఒక్కోదాన్నీ ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చూశారాయన. ఒకదాని మీద "నాక్" మిగిలింది. ఒకదాని మీద "50" ఉంది, దేనికి యాభైయో లేదు. ఇంకొకదాని మీద ఉన్నది కంపెనీ చిరునామా. ఆదివారం పదకేళి నింపినట్టు పావుగంట కూర్చుని, షాపుకు ఫోను చేయించి తేల్చారు: పసుపుదైనా తెల్లదైనా లోపల ఉన్నది ఒకే నొప్పి మందు, డైక్లోఫెనాకే. రెండోదానిలో పారాసిటమాల్ అదనం.

ఆయన చెప్పింది నాకు మా చెరువు భాషలో అర్థమైంది. నొప్పి గోలీ మూత్రపిండానికి రక్తం వచ్చే కాలువను ఇరుకు చేస్తుంది. టెల్మిసార్టన్ బయటికి పోయే కాలువను వెడల్పు చేస్తుంది. నీరు లాగే మందు చెరువునే తగ్గిస్తుంది. ఇక పొలం ఎండిపోక ఏం చేస్తుంది?

తమరికి తెలుసో లేదో, ఇదే డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని, మూత్రపిండాలు చెడి రాబందులు కుప్పలుగా చచ్చాయి. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు వాడకుండా నిషేధించారు. రాబందులకు ఒక ప్రభుత్వం అడ్డు నిలబడింది. మా అమ్మకు అడ్డుగా ఉన్నది షీటు మీది ఎర్ర గీత, డాక్టరు చీటీ లేనిదే ఇవ్వకూడదన్న నాలుగు అక్షరాలు. వాటినీ తమరు ముక్కలు చేశారు.

తప్పంతా తమరి నెత్తిన రుద్దను. అయిదు రోజులకు రాసిన గోలీని ఎనిమిది నెలలు మింగింది మేమే. బీపీ గోలీ మార్చినప్పుడు క్రియాటినిన్, పొటాషియం చూపించుకోమని చీటీ అడుగున రాసి ఉంది. "బాగానే ఉంది గదా, డబ్బులు గుంజడానికి కాకపోతే పరీక్షలెందుకు" అని దాన్ని మడిచి దేవుడి పటం వెనక పెట్టింది నేను. సర్కారు దవాఖానాలో రక్తం ఇస్తే డబ్బు కట్టే పని లేకుండా ఆ పరీక్షలు చేస్తారని తరవాత తెలిసింది.

నొప్పి గోలీలు రెండూ మాన్పించి, బీపీ మందు మార్చాక మూడు వారాలకు క్రియాటినిన్ 1.4కు దిగింది. మోకాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి, వాటికి కాపడం, కర్ర.

తమరికి ఒకే మనవి. తేదీ లేని చివర నుంచి కొయ్యండి, ముక్క తీసుకున్నవాడికి పేరు, బ్యాచి, గడువు రాసిన బిల్లు ఇప్పించండి.

మొన్న అమ్మ తానే షాపుకు వెళ్లింది. కుర్రవాడు తమరిని ఎత్తేలోగా షీటు మీద చెయ్యి పెట్టి, "ఆగు బిడ్డా, అంతా ఇవ్వు. పేరూ తేదీ గట్టిగా చదువు" అందట. వాడు చదివాడు. వెనక నిలబడ్డ పెద్దాయన చొక్కా జేబులోంచి రెండు ముక్కలు తీసి, "నావి కూడా చదివి పెట్టు నాయనా" అన్నాడట. వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, కుర్రవాడు తమరి వైపు చూశాడట.

ఇట్లు,
ఆ పదకొండు ముక్కలనూ ఇంకా దాచి ఉంచిన
ఒక కొడుకు