పన్నెండు సిలిండర్లు, ఒక కొత్త రాష్ట్రం.. అయినా ఓటెయ్యలేదు!

జనం మనసులో ఒకసారి కాదనుకున్న అధికార పార్టీ ఎన్నికల ముందు ఏం ఇచ్చినా గెలవదు. ఇంకా గట్టిగా చెప్పాలంటే, ఇచ్చేకొద్దీ ఎక్కువ ఓడిపోతుంది. ఒప్పుకోని వాళ్లు 2014 జనవరి నుంచి మే దాకా కాంగ్రెస్‌కు ఏమైందో ఓసారి గుర్తు తెచ్చుకోవాలి. 2జీ, బొగ్గు, కామన్వెల్త్ ఆటల కుంభకోణాలు, అన్నా హజారే దీక్ష.. ఆ జాబితా అందరికీ తెలిసిందే, మళ్లీ విప్పను. నన్ను లాగేది ఆ చివరి నెలలే. అడిగినదానికల్లా సరే అన్నారు, 206 సీట్ల పార్టీ 44కు వచ్చింది.

గ్యాస్ బండ సంగతే చూడండి. 2012 సెప్టెంబర్‌లో ఇంటికి ఏడాదికి ఆరు సబ్సిడీ సిలిండర్లే అన్నారు. గోల మొదలైతే 2013 జనవరిలో తొమ్మిది చేశారు. 2014 జనవరి 17న ఏఐసీసీ సమావేశంలో రాహుల్ గాంధీ లేచి, ప్రధానిగారూ తొమ్మిది చాలవు, పన్నెండు కావాలి అన్నారు, ఆ నెల తిరక్కుండానే కేబినెట్ సరే అనేసింది. ఢిల్లీలో కూర్చున్న వాళ్లకు ఇది మాస్టర్ స్ట్రోక్‌లా కనిపించి ఉంటుంది. వంటింట్లో లెక్క వేరు. ఒక్క మాటతో అయ్యే పనికి పదహారు నెలలు మమ్మల్ని ఎందుకు ఏడిపించారు? డబ్బుల్లేక కాదన్నమాట, మేమంటే లెక్కలేక! మూడు సిలిండర్లు ఎక్కువిచ్చి పాత కోపానికి కొత్త రుజువు కూడా చేతిలో పెట్టారు. మన దగ్గర దీనికి తోడు కరెంటు కోతలు, ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు కట్టమనే సర్‌చార్జీ. చేయి గుర్తు పార్టీ అచ్చంగా చేతులు కాలాకే ఆకులు పట్టుకుంది.

తెలంగాణ అయితే ఇంకా పెద్ద పాఠం. 2009 డిసెంబర్ 9న ఇస్తున్నాం అన్నారు, రెండు వారాలకే 23న మాట మార్చారు, తర్వాత విభజన సంగతి తేల్చమని శ్రీకృష్ణ కమిటీ, ఆ తర్వాత సంప్రదింపులు, మధ్యలో ఎంతమంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారో తెలంగాణలో ఏ ఊరిని అడిగినా చెబుతుంది. 2013 జూలై 30కి గానీ కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ (సీడబ్ల్యూసీ) తీర్మానం రాలేదు. 2014 ఫిబ్రవరి 18న, టీవీ ప్రసారం ఆగిపోయిన లోక్‌సభలో, బిల్లు పాసైంది. ఆంధ్రలో పోయినా తెలంగాణలో రాబట్టుకుందాం అనేది కాంగ్రెస్ లెక్క. ఆంధ్రలో నిజంగానే పోయింది: 175 అసెంబ్లీ సీట్లలో సున్నా, 25 ఎంపీ సీట్లలో సున్నా. మరి తెలంగాణలో? 119లో 21, 17 ఎంపీ సీట్లలో రెండే రెండు. ఇచ్చింది సోనియమ్మే, కాదన్నదెవరు, కానీ తెచ్చింది కేసీఆర్ కదా అన్నారు జనం. అరవై ఏళ్ల కల తీర్చిన పార్టీకే ఓటు పడలేదంటే ఇక పథకాలు, ప్యాకేజీలు, చివరి నిమిషం వరాలు ఎవరిని కాపాడతాయి? 2009లో ఉమ్మడి రాష్ట్రం ఈ పార్టీకే 33 మంది ఎంపీలను ఇచ్చిందని మర్చిపోకండి.

ఇదంతా మోదీ గాలి మహిమ అనేవాళ్లున్నారు. గాలి ఉంది, ఉత్తరాదిని ఊపేసింది కూడా. కానీ ఆ గాలి లేనిచోట కాంగ్రెస్ ఏం బావుకుంది? తమిళనాడులో అన్నాడీఎంకే 37, ఒడిశాలో బీజేడీ 20, బెంగాల్‌లో తృణమూల్ 34 గెలిచాయి. వీటిలో తమిళనాడు, ఒడిశాల్లో కాంగ్రెస్‌కు ఒక్క సీటూ రాలేదు. అంతకు ముందు డిసెంబర్‌లో అసెంబ్లీ ఎన్నికల్లో ఢిల్లీ ఓటరు ఏడాది కిందట పుట్టిన ఆమ్ ఆద్మీకి 28 ఇచ్చి, పదిహేనేళ్లు ఏలిన కాంగ్రెస్‌కు ఎనిమిది విదిల్చాడు. కేరళ, కర్ణాటక కాస్త పరువు నిలిపాయి, అంతే. ఎవరు దొరికితే వాళ్లకు వేశారు. మోదీ దొరికిన చోట మోదీకి వేశారు.

అసలు పేచీ ఇక్కడే ఉంది. 2014లో బీజేపీకి వచ్చిన ఓట్లు 31 శాతం, సీట్లు 282. కాంగ్రెస్‌కు 19 శాతం పైచిలుకు, సీట్లు 44. బీఎస్పీకి నాలుగు శాతం పైనే, అంటే కోట్ల ఓట్లు, సీట్లు సున్నా! ఓడినవాడి మీది కోపాన్ని, ఒక్కో సీటులో ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలిచే మన ఎన్నికల పద్ధతి గెలిచినవాడి మీది ప్రేమగా మార్చి చూపిస్తుంది, అతనూ అది నిజమేనని నమ్మేస్తాడు. 2019లో ఆంధ్ర అసెంబ్లీలో 151 సీట్లొచ్చిన జగన్ నమ్మారు, ఫలితం చూశాం. ఇప్పుడు 164 సీట్ల టీడీపీ కూటమి నమ్మదని గ్యారంటీ ఏముంది?

దీనికి మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 1999లోనే, మన తెలుగువారే అయిన జస్టిస్ జీవన్ రెడ్డి నాయకత్వంలోని, చట్టాల మార్పులపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ తన 170వ నివేదికలో చెప్పింది: లోక్‌సభ సీట్లు 25 శాతం పెంచండి, పెంచినవాటిని పార్టీలకొచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి పంచండి అని. నియోజకవర్గాలు ఎక్కడికీ పోవు, ఎంపీ ఎక్కడికీ పోడు, వృథా అయ్యే ఓటుకు మాత్రం కాస్త విలువొస్తుంది. జనాభా లెక్కన నియోజకవర్గాల పునర్విభజన పేరుతో సీట్లు ఎలాగూ పెంచుతారని, దక్షిణాదికి అన్యాయం జరుగుతుందని ఇంత చర్చ జరుగుతుంటే, ఆ పెంచేవాటిని ఇలా నింపుదామని ఒక్క పెద్ద పార్టీ నోరు విప్పదేం?

ఎందుకు విప్పదంటే, ఈసారి దెబ్బ తిన్నవాడు వచ్చేసారి ఇదే పద్ధతితో లాటరీ కొట్టాలనుకుంటాడు. 2019లో టీడీపీకి 39 శాతం ఓట్లొచ్చాయి, సీట్లు 23. చంద్రబాబు ఈ ఊసెత్తలేదు, ఐదేళ్లు ఓపిక పట్టారు, టీడీపీకే 135 తెచ్చుకున్నారు. 2024లో వైసీపీకి అదే 39 శాతం, సీట్లు 11. జగన్ ఈవీఎంలు వద్దు, బ్యాలెట్ పేపర్ తెమ్మన్నారు. బ్యాలెట్ పేపర్ మీద లెక్కపెట్టినా ఈ పద్ధతిలో 39 శాతానికి 11 సీట్లు రావచ్చని ఆయనకు తెలియక కాదు.