కొత్త అల్లుడు కార్బొరేటరు గారికి విన్నపాలు

ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి వడ్డించే, బండి కంపెనీది కాక బయట కొన్న, మహారాజరాజశ్రీ ఆఫ్టర్‌మార్కెట్ కార్బొరేటరు గారి దివ్యసముఖానికి,

డాలస్ శివారులోని ఒక గ్యారేజీ నుంచి, తమకు మామగారి వరసైన ఒక ఏటీవీ (దారిలేని నేల మీద కూడా నడిచే నాలుగు చక్రాల బండి) యజమాని నమస్కరించి వ్రాసుకొను విన్నపాలు. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ, అనగా మా 400 సీసీ బండి సీటు కింద, ఇంజనుకూ ఒకప్పుడు గాలిపెట్టె ఉండిన ఖాళీ స్థలానికీ నడుమ, తమరు క్షేమమో కాదో కనుక్కోవడానికి ఏడు వారాలుగా వారానికి రెండుసార్లు స్పార్క్ ప్లగ్గు విప్పి, దాని పింగాణీ పెట్రోలు చాలక తెల్లబోయిందా, ఎక్కువై మసిబారిందా, లేక సరిపోయి లేత గోధుమరంగుకు తిరిగిందా అని టార్చిలైటు వేసి చూస్తున్నాను. కన్నకూతురి జాతకాన్ని కూడా నేను ఇంత శ్రద్ధగా చూపించలేదు.

తమ సంబంధం తెచ్చిన ప్రకటన పెళ్లిళ్ల పేరయ్యలను తలదన్నింది. పాత కార్బొరేటరును ఊడదీసి, తమరిని ఆ చోట నిలబెట్టి, రెండు క్లాంపులు బిగిస్తే చాలునని, ఇంకే మార్పూ అక్కరలేదని, బొటనవేలు కదిపీ కదపకముందే బండి లంఘిస్తుందని అందులో పెద్ద అక్షరాలతో ఉన్నది. తమరు వేంచేసిన పెట్టె అడుగున చీమతలకాయలంత అక్షరాలతో, తమరు మూసిన ట్రాకు మీది పందేలకు మాత్రమే పనికివస్తారని, కాలుష్య నియంత్రణ వర్తించే వాహనాలకు తమరిని కాలిఫోర్నియాలో బిగించడం చట్టసమ్మతం కాదని కూడా ఉన్నది. వరుడి సంగతులు మూడుముళ్లు పడ్డాక బయటికి రావడం మనవాళ్లకు కొత్త కాదు, పైగా మేము టెక్సస్ వాళ్లం. అందుచేత ఆ అక్షరాలను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

అయిదు వందల డాలర్ల పైచిలుకు చదివించి ఇంటికి తెచ్చుకున్న తర్వాత, తమరు ఒంటరిగా గడప తొక్కరని తెలిసింది. పాత యాక్సిలరేటరు కేబులు తమ భుజానికి అందలేదు గనుక కొత్తది కొన్నాము. ఇంజను వైపు రబ్బరు గొట్టం తమ నడుముకు సరిపోలేదు గనుక అదీ మార్చాము. పాత గాలిపెట్టె మూతి తమ ఠీవికి ఇరుకు గనుక, తోడుపెళ్లికొడుకు వేషంలో శంకువు ఆకారపు ఫిల్టరు ఒకటి తమ వెంట దిగబడింది. ఇక లాంఛనాల కింద, నడిమి రంధ్రం కొద్దీ పెట్రోలును కొలిచి వదిలే, ఒక్కొక్కటి వడ్లగింజ కంటే కొంచెం పెద్దవైన ఇత్తడి జెట్లు డబ్బాల కొద్దీ సమర్పించుకున్నాము. వాటిమీద రంధ్రం కొలత చెప్పే అంకెలుంటాయి; ఒక కంపెనీ అంకెకూ మరొక కంపెనీ అంకెకూ పొత్తు కుదరదు గనుక, పొరపాటున ఇతరుల జెట్లు తెచ్చి, అంకె ఒకటే కదా అని మురిసి, తమ చేత మొదటి చీవాట్లు తిన్నాను.

తమకు ముందు ఆ చోట కాపురం చేసిన కార్బొరేటరు ఇప్పుడు అల్మరాలో, ప్లాస్టిక్ సంచిలో, పెట్రోలు వాసన వేస్తూ విశ్రాంతి తీసుకుంటున్నది. దాని గుణం తమకు చెప్పడం ధర్మం. బొటనవేలితో మీట నొక్కితే దానిలో ఒక పలుచని తలుపు మాత్రమే తెరుచుకునేది. పెట్రోలు సూదిని మోస్తూ గొంతులో పైకీ కిందికీ జరిగే పలక, అనగా స్లైడు, మాత్రం నా వేలి మాట వినకుండా, ఇంజను ఎంత గాలి పీలిస్తే అంత మేరకే పైకి లేచేది. అడిగిన పది లడ్లూ ఒక్కసారే ఇవ్వక, ఒకటి తిన్నాక రెండోది చేతిలో పెట్టే అమ్మమ్మ తీరు అది. తమరిలో స్లైడు నేరుగా కేబులుకే కట్టి ఉన్నది. నేను మూర్ఖంగా ఒక్కసారి నొక్కితే తమరు మూర్ఖంగానే మొత్తం తెరుచుకుంటారు. గొంతు హఠాత్తుగా వెడల్పవడం వల్ల గాలి వేగం పడిపోతుంది, వేగం పడిపోతే అక్కడి పీడనం తగినంత తగ్గదు, పీడనం తగ్గనిదే కింది గిన్నెలోని పెట్రోలు పైకి రాదు. 1738లో బెర్నూలీ అనే శాస్త్రజ్ఞుడు అచ్చువేయించిన గ్రంథంలోని సూత్రమే ఇది. తమరూ ఈ లోపం ఎరుగుదురు గనుకనే, ఆ క్షణంలో పెట్రోలును పిచికారీ కొట్టడానికి చిన్న పంపును వెంట తెచ్చుకున్నారు. పొలమారేటట్టు అన్నం కుక్కి, వెంటనే నెత్తిన తట్టి మంచినీళ్లు తాగించడమని దీన్ని మా ఇంట్లో అంటారు.

పాతదాని గొంతు 36 మిల్లీమీటర్లు, తమది 39. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గాని, వైశాల్యంలో అది ఆరో వంతుకు పైగా పెరుగుదల. పెద్ద నోరున్న అల్లుడు ఎక్కువ తింటాడన్నది నేను ముందే ఊహించాను. నెమ్మదిగా వెళ్లేటప్పుడు, అంటే పీల్చే గాలి తక్కువైనప్పుడు, అదే పెద్ద నోటిలో ఊపిరి బలహీనపడుతుందన్నది మాత్రం ఊహించలేదు.

తమ తోడుపెళ్లికొడుకు సంగతి వేరే చెప్పాలి. సీటు కింద అంత చోటు ఆక్రమించుకున్న ఆ నల్లని ప్లాస్టిక్ గాలిపెట్టెను, ఇంజను ఊపిరి ఆడకుండా కంపెనీ వాళ్లు పెట్టిన అడ్డంకి అనుకుని, ఒక ఆదివారం పూట నేనే నా చేతులతో పెరికి పారేశాను. అది గాలిని కుదురుగా నిలిపి ఉంచే చోటని, పీల్పుడు చప్పుడును మింగేదని, నీటి తుంపరలూ మట్టీ ఫిల్టరుకు తగలకముందే అడుగున దిగబడే గిన్నె అని తర్వాత బోధపడింది. బోధపరిచింది ఓక్లహామా. వేనోకా పక్కన లిటిల్ సహారా అనే పార్కులో 1,600 ఎకరాలకు మించి ఇసుక తిన్నెలున్నాయి. తమరితో తొలి యాత్రకు అక్కడికే వెళ్లాము. ఫోమ్ ఫిల్టరుకు నూనె పట్టించకపోతే అది వడపోత కాదు, వట్టి జల్లెడ. నేను పట్టించలేదు. సాయంత్రం ఫిల్టరు ఊడదీసి తమ నోట్లో వేలుపెట్టి తుడిస్తే, గోధుమపిండి కంటే మెత్తని ఇసుక వేలికి అంటింది. ఆ పిండి లోపలికి పోయి పిస్టను రింగులనూ సిలిండరు గోడనూ ఏ మేరకు నూరిందో, ఇంజను విప్పే ధైర్యం నాకు కలిగిన రోజున తెలుస్తుంది. ఇప్పుడు ఆ తోడుపెళ్లికొడుకుకు ప్రతి యాత్రకూ ముందు తలంటు, నూనె మర్దన, ఆపైన ఒక గుడ్డ తొడుగు. అసలు పెళ్లికొడుక్కి కూడా ఇన్ని మర్యాదలు ఉండవు.

ఇక తమ అలకపాన్పు వృత్తాంతం. మొదటి వారం మీట వదిలాక కూడా ఇంజను వేగం దిగక గాలిలో వేలాడింది. దిగుడులో వస్తుంటే సైలెన్సరు నుంచి దీపావళి టపాకాయలు పేలాయి. ఉన్నట్టుండి నొక్కితే బండి ఒక్క క్షణం నోరువెళ్లబెట్టి నిలబడింది. ఈ మూడూ పెట్రోలు చాలని సంకేతాలేనని చదువుకుని, మీట కొంచెమే తెరిచినప్పుడు పెట్రోలిచ్చే పైలట్ జెట్టు 45 తీసి 48 వేశాను, సూది పైకి లేచి పెట్రోలు పెరిగేటట్టు దాని క్లిప్పును ఒక గాడి కిందికి దించాను, మీట చివరిదాకా నొక్కినప్పుడు పెట్రోలిచ్చే మెయిన్ జెట్టు 142 నుంచి 148కి పెంచాను. గాలీ పెట్రోలూ పాళ్లు దిద్దే మిశ్రమ స్క్రూ ఇంజను వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, విప్పిన కొద్దీ పెట్రోలు పెరుగుతుంది. ఫిల్టరు వైపు ఉంటే గాలి స్క్రూ, విప్పిన కొద్దీ పెట్రోలు పలచబడుతుంది. తమది మొదటి రకం కాగా, రెండో రకమనుకుని ఒక సాయంత్రమంతా బిగిస్తూ కూర్చున్నాను. శుద్ధమైన పెట్రోలు పూర్తిగా మండడానికి దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలని, గరిష్ఠ శక్తికి 13 రెట్ల దరిదాపుల్లో ఉండాలని పుస్తకం చెబుతుంది గాని, గ్యారేజీలో కూర్చున్నవాడి చేతిలో తక్కెడ ఉండదు, స్క్రూడ్రైవరే ఉంటుంది. రెండు వారాల జెట్ల వ్రతం ముగిశాక, ఏదో అనుమానంతో ఆ కొత్త రబ్బరు గొట్టం చుట్టూ కార్బొరేటరు క్లీనరు చల్లితే, ఇంజను చప్పుడు ఠక్కున మారింది. క్లాంపు సగమే బిగించి ఉన్నది. లెక్కలో లేని గాలి ఆ సందులోంచి దూరుతున్నది. ఈ విషయంలో దోషం తమది కాదు, నాది. ఇంట్లో మాత్రం ఈ నిమిషం దాకా తమదనే చెబుతున్నాను.

తమ గొప్పతనాన్ని కాదనడం అన్యాయం. మీట చివరిదాకా నొక్కి పట్టినప్పుడు, పైవేగంలో, తమరు నిజంగానే లాగుతారు. అయితే మెయిన్ జెట్టు అధికారం మీట ముప్పాతిక దాటాక గాని మొదలు కాదు. మేము తరచుగా నడిపేది శామ్ హ్యూస్టన్ అడవిలో, పైను చెట్ల నడుమ మెలికల దారిలో, మీట పావువంతు దాటని చోట. అంటే నేను కొన్నది మెయిన్ జెట్టు రాజ్యం, కాపురం ఉన్నది పైలట్ జెట్టు పేటలో. మిగతాదంతా చప్పుడు. గాలిపెట్టె పోయిన తర్వాత తమ పీల్పుడు రెండు కాళ్ల మధ్య నుంచి గర్జనలా వినిపిస్తూ, బండి వేగం పెరగకపోయినా పెరిగినట్టే నమ్మిస్తుంది. మా పక్కింటి మిత్రుడి బండి అదే తయారీ, కంపెనీ కార్బొరేటరు, కంపెనీ గాలిపెట్టె. వంద గజాల పందెంలో అతను నా పక్కనే వచ్చి ఆగి, నీది చాలా వేగంగా వినిపించింది అన్నాడు. దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

తమకు ఒకే ఒక్క మనవి. ఇంజను నడుస్తుండగా హ్యాండిలు ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పితే, తమ కేబులు బిగిసి ఎడమ మలుపులో చప్పుడు పెరుగుతున్నది. మలుపులో తమంతట తామే పరుగెత్తడం ఇద్దరికీ ప్రమాదం గనుక, రేపు ఆ కేబులును వేరే దారిన తిప్పి కడతాను; అంతదాకా బండి గ్యారేజీ దాటదు, తమరూ అలగవద్దు.

ఇట్లు,
తమ మామగారు

తా.క. ఉత్తరం నుంచి చలిగాలి వస్తున్నదని వార్తల్లో చెప్పారు. గాలి చిక్కబడుతుంది గనుక 150 మెయిన్ జెట్టు జేబులో వేసుకున్నాను. ఫిల్టరుకు పట్టించిన నూనె ఇంకా ఇంకలేదు.