మాల్టా మీద 35 లక్షల మంది దండయాత్ర

సిసిలీకి దిగువన, మధ్యధరా సముద్రంలో మాల్టా అని ఒక బుల్లి దేశం. 316 చదరపు కిలోమీటర్లు, మన హైదరాబాద్‌లో సగం కూడా రాదు.

1565లో ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ దీన్ని పట్టుకు రమ్మని వేలాది సైన్యాన్ని పంపాడు. మే నుంచి సెప్టెంబరు దాకా వాళ్లు ఆ ఎండలో కోటగోడల కింద మాడిపోయారు. దాహం వేస్తే తాగేందుకు నీళ్లు కూడా లేకుండా, లోపలివాళ్లు ముందే బావుల్లో విషం కలిపి పెట్టారు. చివరికి ఓడి వెళ్లిపోయారు. చరిత్రకారులు దీనికి ఏవేవో కారణాలు చెబుతారు గానీ, నాకు తోచింది ఒకటే: ముందుగా హోటల్ బుక్ చేసుకోలేదు.

ఆరు లక్షల జనాభా కూడా లేని ఆ దేశం మీదికి 2024లో 35 లక్షల మంది దిగారు. ఒక్క తూటా పేలలేదు. సైనికుడికి వడదెబ్బ కొట్టిన ఎండే టూరిస్టుకి 'ఏడాదికి 300 రోజుల సూర్యరశ్మి' అయింది. ఏరన్నదే లేని దేశం, సముద్రపు నీళ్లని మంచినీళ్లుగా మార్చుకుని తాగుతుంది. మనవాడు మాత్రం బాటిలే కొంటాడు.

1530లో ఐదో చార్లెస్ చక్రవర్తి ఈ దీవుల్ని సెయింట్ జాన్ వీరులనే క్రైస్తవ యోధుల సంఘానికి ఇచ్చినప్పుడు ఏటా అద్దె ఒక డేగ. అవును, పిట్టే. ఇవాళ సీజన్లో రెండు రాత్రులకి ఫ్లాట్ కావాలంటే ఓనరు డేగతో పాటు అడ్వాన్సూ అడుగుతాడు.

అసలు యుద్ధం మాల్టాకే చెందిన కొమినో దీవిలో, బ్లూ లగూన్ అనే నీలి సముద్రపు మడుగు దగ్గర. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసిన జాతి మనది, కాబట్టి అక్కడ పొద్దున్నే రాళ్ల మీద తువ్వాళ్లు పరవడం చూస్తే పుట్టింటికి వచ్చినట్టుంటుంది. ఇంత శ్రమపడ్డాక గోజో దీవిలో పిరమిడ్ల కంటే పాతవైన జగంటియా గుళ్ల ముందు ఎంతసేపు నిలబడతాం? సెల్ఫీ కుదిరేదాకా.

అదే గోజోలో అజూర్ విండో అని ఒక రాతి తోరణం ఉండేది. 2017 మార్చి 8న తుపానుకి కూలి సముద్రంలో కలిసిపోయింది. జనం ఇంకా వెళ్తూనే ఉన్నారు. మా స్నేహితుడొకడు ఫొటో పంపాడు: నీళ్లు, ఆకాశం, వాడు.

"విండో ఎక్కడ్రా?" అన్నాను.

"నా వెనకాలే ఉండేది మామా!"