పేక కోసే హక్కు

నలుగురు కూర్చుని రమ్మీ ఆడేటప్పుడు ముక్కలు కలిపినవారు పంచేముందు పక్కవారి చేత పేక కోయిస్తారు, అంటే పైనున్న కొన్ని ముక్కలు తీసి కింద పెట్టిస్తారు. ఎంత నమ్మకస్తులైనా ఆ పద్ధతి తప్పదు. ఫోన్‌లో ఆడే రమ్మీకి ఈ కోత లేదు. కలిపేదీ పంచేదీ ఒకే ప్రోగ్రాం. మనుషుల పేర్లతో, ఫొటోలతో ఎదురుగా కనిపించే ప్రత్యర్థులను ఆడించేదీ చాలాసార్లు అదే. ఇందులో ఏదో మతలబు ఉందని ఆడేవారు అంటారు. ముక్కలు యాదృచ్ఛికంగానే పడుతున్నాయని ధ్రువపత్రం ఉందని నడిపేవారు అంటారు. ఇద్దరూ వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారన్నది మా అభిప్రాయం.

ఫిర్యాదుల్లో సగానికి లెక్కే సమాధానం చెబుతుంది. నలుగురు సమఉజ్జీలు ఆడుతుంటే ఒకరు వరుసగా ఎనిమిది ఆటలు ఓడిపోయే అవకాశం పదింట ఒకటి. ఓటములను గుర్తుపెట్టుకున్నంత శ్రద్ధగా గెలుపులను ఎవరూ గుర్తుపెట్టుకోరు. అలాగని ముక్కలు కలిపే ప్రోగ్రాంలన్నీ సవ్యంగా ఉంటాయనుకోవడమూ పొరపాటే. 52 ముక్కలను పేర్చగల తీరులు ఎన్నో రాయాలంటే 68 అంకెలు కావాలి. 1999లో అమెరికాలో ఒక ఆన్‌లైన్ పోకర్ సాఫ్ట్‌వేర్‌ను భద్రతా నిపుణులు పరిశీలించారు. అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్కే దాని కలపడానికి మూలం. రోజంతటికీ ఉన్నవి 8.64 కోట్ల మిల్లీసెకన్లు, కాబట్టి పేక పడగల తీరులూ అన్నే. సర్వర్ గడియారంతో తమ గడియారాన్ని సరిపోల్చుకునేసరికి వెతకాల్సినవి సుమారు రెండు లక్షలకు దిగాయి. చేతిలోని రెండు ముక్కలు, బల్ల మీద తెరిచిన మూడు ముక్కలు చూసి మిగతా అందరి చేతులూ చెప్పేశారు. ఆ లోపం బయటపడటానికి కారణం, నిజాయతీకి నిదర్శనంగా తయారీదారులు తమ పద్ధతిని ముందే ప్రకటించి ఉండటం. దాచి ఉంటే ఇంకెన్నాళ్లు నడిచేదో!

ఇక ధ్రువపత్రం తాకని విషయం ఒకటుంది. పేక ఎంత చక్కగా కలిసినా, కంప్యూటర్ ఆటగాడు మన చేతిలోకి తొంగిచూస్తే ఆ ఆట సమానం కాదు. అందరి ముక్కలూ ఒకే సర్వర్‌లో ఉంటాయి. ఆడే భాగం వాటిని చూడొచ్చా లేదా అన్నది ప్రోగ్రాంలో రాసే ఒక చిన్న నిబంధన. ఒకరు ఒంటరిగా, ఊసుపోక ఆడే ఆటలో కష్టం పెంచడానికి అలా చేస్తున్నామని చెప్పి చేస్తే మాకు అభ్యంతరం లేదు. చెప్పకుండా చేస్తే అది దొంగాటే. తొంగిచూడనిదే యంత్రం నెగ్గలేదన్న వాదన కూడా చెల్లదు. 2017లో పిట్స్‌బర్గ్‌లో లిబ్రాటస్ అనే పోకర్ ప్రోగ్రాం నలుగురు వృత్తి ఆటగాళ్లతో 1,20,000 ఆటలు ఆడి, ఎవరి ముక్కలూ చూడకుండానే గెలిచింది.

రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆట అని సుప్రీంకోర్టు 1960ల చివర్లో చెప్పింది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే. పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి అన్నది అందుకు చూపిన కారణం. పడిన ముక్కను ఎన్నటికీ మరవని యంత్రం ఎదుట కూర్చున్నప్పుడు ఆ తీర్పును కవచంగా చూపడం విడ్డూరం. అక్కడ న్యాయమూర్తుల ముందున్నది మనుషులు ఆడిన ఆట.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా కేంద్రం 2025 ఆగస్టులో దేశమంతటికీ నిషేధ చట్టం తెచ్చింది. ఆ ఏడాది చివర్లో ఒక సంస్థ మీద ఈడీ చేసిన ఆరోపణల్లో, మనుషులతో ఆడుతున్నామని నమ్మించి సాఫ్ట్‌వేర్‌తో ఆడించారన్నది ఒకటి. అది కోర్టులో తేలాలి. పందెం పోయింది కాబట్టి సమస్యా పోయిందని అనుకోవడానికి లేదు. ఉచితమనే ఆటల్లో ప్రకటనలు అమ్ముతారు, కొన్నింటిలో చిప్స్ (ఆటలో పందెంగా పెట్టే ఉత్తుత్తి డబ్బు) అమ్ముతారు. కొత్తవారిని నాలుగు రోజులు గెలిపించి, ఆపై చిప్స్ అయిపోయేలా ముక్కలు పంచడం సాంకేతికంగా పెద్ద పనేమీ కాదు. ఎవరైనా అలా చేస్తే బయటివారు కనిపెట్టే దారి ఇప్పుడు లేదు.

రాత్రి రెండింటికి ఆడాలనుకుంటే ముగ్గురు మనుషులు దొరకరు. ఖాళీ కుర్చీలో కంప్యూటర్‌ను కూర్చోబెట్టడం అర్థం చేసుకోదగినదే, దానికి మనిషి పేరు పెట్టడం ఎందుకు? కంప్యూటర్ ఆటగాడని పక్కనే రాస్తే సరిపోతుంది. అది ఇతరుల చేతులు చూడలేదని స్వతంత్ర తనిఖీ ఉండాలి. పంచకముందే పేక వరసకు సంబంధించిన రహస్య ముద్రను (వరసను బయటపెట్టకుండా దానికి మాత్రమే సరిపోయే గుర్తును) ఆటగాళ్లకు పంపి, ఆట ముగిశాక ఆ వరసను పూర్తిగా బయటపెడితే మధ్యలో మార్చలేదని ఎవరైనా సరిచూసుకోవచ్చు. ముద్ర అందాక ప్రతి ఆటగాడి ఫోన్ నుంచీ ఒక సంఖ్య తీసుకుని ఆ వరసను తిప్పితే పేక కోసినట్టే. ఈ సాంకేతికత కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. కొత్త చట్టం కింద ఆన్‌లైన్ గేమింగ్ అథారిటీ పేకాట యాప్‌లను నమోదు చేసుకునేటప్పుడు వీటిని షరతులుగా పెట్టాలి, ఉచిత యాప్‌లకూ మినహాయింపు ఇవ్వకూడదు.